రాహుకాలం బస్సు

మా వైపు పల్లెల్లో చాలామందికి గడియారం చూడటం నేర్పింది బడి కాదు, రాహువు. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. ఆ రోజుల్లో జవళగిరి నుంచి వచ్చిన గొర్రెల కాపరిని పట్టుకుని "టైము ఎంతప్పా?" అని అడిగితే ఆకాశం వైపు చూసేవాడు. "సోమవారం రాహుకాలం ఎప్పుడప్పా?" అని అడిగితే మాత్రం తడుముకోకుండా "ఏడున్నరకు వస్తుంది, తొమ్మిదికి పోతుంది" అనేవాడు. చిన్న ముల్లు యాడుంటే భయపడాలో, యాడికి పోతే భయం తీరుతుందో ప్రతివాడికీ తెలుసు. మిగతా గంటలతో వాళ్ళకు పని లేదు.

నాకు మాత్రం అన్ని గంటలతోనూ పని ఉండేది. అరవైల మొదట్లో నేను హోసూరు బస్టాండులో టైం కీపరుని. బస్సు ఓనర్లందరూ కలిసి నన్ను పెట్టుకున్నారు. నాకొక స్టూలు, మెడలో ఒక విజిల్, తలపైన గోడకు ఒక పెద్ద గడియారం. నేను విజిల్ ఊదితే బస్సు కదలాలి, ఊదకపోతే కదలకూడదు. వినడానికి రాజ్యమేలినట్టే ఉంటుంది. చేసినవాడికి తెలుస్తుంది కష్టం. ముందు పోయే బస్సుకు జనం దొరుకుతారు, వెనక పోయే బస్సుకు దుమ్ము దొరుకుతుంది. అందుకని ముందు బస్సువాడికి నా గడియారం ఎప్పుడూ ఫాస్టు, వెనక బస్సువాడికి ఎప్పుడూ స్లో. ఇద్దరి చేత తిట్లు తినడానికే నాకు జీతమిస్తున్నారని మా ఆవిడ అనేది.

ఇప్పుడు నేను చెప్పబోయేది కృష్ణగిరికి పోయే రెండు బస్సుల సంగతి. మొదటిది పొద్దున ఏడింటికి. అది చాలా బస్సులున్న ఒక పెద్ద కంపెనీది. రెండోది ఏడూ ముప్పావుకు. దాని ఓనరూ డ్రైవరూ ఒకడే. బర్గూరు వైపు మనిషి. ఏళ్ళ తరబడి ఊళ్ళవాళ్ళ లారీలు తోలి తోలి, చివరికి ఒక పాత బానెట్ బస్సు, ఒక పర్మిట్ సంపాదించుకున్నాడు. పొద్దున్నే వచ్చి బస్సు అద్దం తుడిచి, బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు ఊరికే నిలబడేవాడు. ఆ మనిషంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. దాచుకోవాల్సిన పని లేదు కాబట్టి చెబుతున్నాను.

మంగళవారం నుంచి ఆదివారం దాకా అతని బస్సుకు ఏ లోటూ లేదు. గండమంతా సోమవారమే. మా వైపు భూమి తగాదాలన్నీ కృష్ణగిరి కోర్టుకు పోయేవి. వాయిదాలు ఎక్కువగా సోమవారమే పడేవి కాబట్టి, ఆ పొద్దున కోర్టుకు తిరిగేవాళ్ళంతా స్టాండులో దిగేవారు. ఇంటి మీద కేసు, గట్టు మీద కేసు, చింతచెట్టు కొమ్మ మీద కేసు. ఇలాంటివాడు రాహుకాలంలో గడప దాటుతాడా? ఏడింటి బస్సు లోపలా పైనా కిటకిటలాడుతూ, వెనక నిచ్చెనకు కూడా ఇద్దరు వేలాడుతూ పోయేది. ఏడూ ముప్పావు బస్సులో డ్రైవరు, కండక్టరు, అప్పుడప్పుడు ఒక క్రైస్తవ పంతులుగారు. అంతే.

"సోమవారం బండి తోలితే డీజిల్ పోతుంది, తోలకుంటే పర్మిట్ పోతుంది. ఏం చేసేదన్నా?" అని నా స్టూలు పక్కన గొంతుక్కూర్చున్నాడు ఒకరోజు. రెండు సోమవారాలు రిపేరని చెప్పి బస్సు తీయలేదట. పర్మిట్లిచ్చే ఆఫీసుకు పిలిపించి, ఇంకొక్కసారి ట్రిప్పు ఎగ్గొడితే పర్మిట్ రద్దని చెప్పి పంపారట. ఉన్నది ఒక్క బస్సు, ఒక్క పర్మిట్. అది పోతే మళ్ళీ ఊళ్ళవాళ్ళ లారీలే.

"ఆ గడియారాన్ని రవ్వంత వెనక్కి తిప్పకూడదా? సోమవారం ఒక్క దినమే" అన్నాడు.

"అది నాది కాదప్పా, ఊరిది. అది చూసే బడి గంట కొడతారు, అది చూసే కాఫీ హోటలు వాడు ఇడ్లీ దించుతాడు. తిప్పితే ఊరంతా తిరుగుతుంది" అన్నాను. అతను మళ్ళీ అడగలేదు.

ఇద్దరం కలిసి పురోహితుడి దగ్గరికి పోయాము. ఆయన పంచాంగం తీసి, వేళ్ళు లెక్కపెట్టి, నవ్వాడు. "పిచ్చివాళ్ళారా, రాహువు మీ గోడ గడియారం చూసి వస్తాడా? సూర్యోదయాన్ని బట్టి వస్తాడు. ఇది మార్గశిరం. మన ఊళ్ళో పొద్దు పొడిచేదే ఆలస్యం. రాహుకాలం రావడానికి దాదాపు ఎనిమిదవుతుంది. ఏడున్నర అనేది కాలెండరు అచ్చేసేవాడి సౌకర్యం" అన్నాడు.

డ్రైవరు ఎగిరి గంతేశాడు. పై సోమవారం బస్సు ముందు అద్దానికి 'ఈ బస్సుకు రాహుకాలం లేదు' అని అట్ట మీద రాసి కట్టాడు. జనం వచ్చి చదివారు, చదవలేనివాళ్ళు చదివించుకున్నారు, అందరూ పోయి ఏడింటి బస్సెక్కారు. వాళ్ళలో ఒక ముసలావిడ ఉండేది. తళి దారిలోని ఒక పల్లె ఆమెది. ప్రతి సోమవారం నల్ల కంబళి కప్పుకుని, సంగటి మూటతో వచ్చేది. నేను ఆమెకు పురోహితుడి లెక్క ఓపికగా వివరించాను. అంతా విని, "అయ్యవారి రాహువు ఎనిమిదికి వస్తాడు, కాలెండరు రాహువు ఏడున్నరకు వస్తాడు. కోర్టులో దొర ఏ రాహువును చూస్తాడో మనకెట్ల తెలుస్తుందప్పా? ఇద్దరి కంటే ముందే పోతే సరిపాయె!" అని బస్సెక్కేసింది.

ఉపాయం చెప్పింది మా ఆవిడ. అన్నం వడ్డిస్తూ, "మంచి గంటలో పోవడానికి కాకుంటే మా అమ్మ ముందే పక్కింట్లో మూట పెట్టి వచ్చేది. మూట బయలుదేరినట్లయితే మనిషి బయలుదేరినట్లే. తరవాత ఎప్పుడు పోయినా దోషం లేదు. పరస్థానం గదా! మీ డ్రైవరు బస్సుకే పరస్థానం పెట్టమనండి" అంది. ఊరికే తమాషాకు అంది. నేను గరిటె పట్టుకున్న ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాను, చారు నా చొక్కా మీద పడింది.

అలా మొదలైంది మా రెండు విజిళ్ళ సోమవారం. ఏడున్నరకు కాస్త ముందు జనం వచ్చి మూటలు బస్సులో పెట్టేవారు. నేను మొదటి విజిల్ ఊదేవాణ్ణి. బస్సు స్టాండు దాటి, రోడ్డుకు అవతల టీకొట్టు ముందుకు పోయి ఆగేది. పరస్థానం అయిపోయింది! జనం నిదానంగా టీ తాగి, బీడీ కాల్చి, సీట్లలో కూర్చునేవారు. ఏడూ ముప్పావుకు నేను రెండో విజిల్ ఊదితే బస్సు కృష్ణగిరికి పోయేది. ఏడింటి బస్సులో నలిగేదానికంటే ఇది సుఖమని మూడు నాలుగు వారాల్లో సగం జనం ఇటు తిరిగారు. ముసలావిడా తిరిగింది. ఆమె ప్రతివాదీ తిరిగాడు.

ప్రతివాది ఎవరో కాదు, ఆమె మరిది. ఆమె ముందు సీట్లో, అతను చిట్టచివరి సీట్లో. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. తగాదా ఏమిటంటే, ఇద్దరికీ కలిపి ఒక బావి. మధ్యాహ్నం దాకా ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడుకునే వంతు ఆమెది, మధ్యాహ్నం నుంచి అతనిది. ఆమె మామ, ఆ ఇంటి పెద్దాయన, బతికున్నప్పుడు బండ మీద ఒక గీత గీశాడు. కపిల కంబం నీడ గీత మీదికి వస్తే ఎద్దులు మారాలి. ఇన్నేళ్ళూ అలాగే జరిగింది. పెద్దాయన పోయాక మరిది బెంగుళూరు పోయి చేతి గడియారం కొనుక్కొచ్చాడు. కొన్ననాటి నుంచీ అతనికి మధ్యాహ్నం ముందుగా కావడం మొదలైంది. నీడ ఇంకా గీతకు జానెడు దూరంలో ఉండగానే, "పన్నెండైంది వదినా, ఎద్దులు విప్పు" అనేవాడు. మన హోసూరులో సూర్యుడు నడినెత్తికి వచ్చేది గడియారంలో పన్నెండు దాటాకే అని నాకు తెలుసు. గడియారం దేశమంతటికీ ఒకటే, ఎండ ఏ ఊరిది ఆ ఊరిదే. ఈ పావుగంట కోసం వదినా మరిదీ ఏళ్ళుగా వాయిదాలకు తిరుగుతున్నారు.

"అవ్వా, నువ్వూ మంచి గంటలోనే బయలుదేరినావు. నీ మరిదీ అదే బస్సులో, అదే గంటలో బయలుదేరినాడు. రాహువు ఎవరి పక్క ఉంటాడు?" అని ఆటపట్టించాను ఒకరోజు.

"నా మూట ముందు పెట్టినాను గదప్పా" అంది, ఏమాత్రం తొణక్కుండా.

ఇంత సంబరం కళ్ళబడకుండా ఉంటుందా? ఏడింటి బస్సుకు స్టాండులో ఒక బుకింగ్ ఏజెంటు ఉండేవాడు. గట్టి మనిషి. తన జనం తరిగిపోతుంటే ఊరుకుంటాడా? టైముకు ముందే బస్సు తీస్తున్నారని పైకి ఫిర్యాదు పెట్టాడు. ఒక సోమవారం, బస్సు టీకొట్టు ముందు నిండుగా నిలబడి ఉండగా, ఒక జీపు వచ్చి ఆగింది. దిగినవాడు బ్రేకు ఇన్‌స్పెక్టరు. బస్సుల తనిఖీ ఆయనదే. ఖాకీ దుస్తులు, చంకలో టోపీ, నవ్వు ఎరగని ముఖం.

బస్సు వైపు చూశాడు. నా వైపు చూశాడు. "ఇది బయలుదేరిందా, లేదా?"

అవునంటే టైముకు ముందు తీసినట్టు. కాదంటే నడిరోడ్డున బస్సు నిలిపినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. డ్రైవరు స్టీరింగు వదిలి దిగి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బస్సులోంచి ఎవరో పెద్దమనిషి తల బయటపెట్టి, "మేము బయలుదేరేసినాము సారూ. పోయేది మాత్రం ఇంగా పోలేదు" అన్నాడు, సాయం చేస్తున్నాననుకుని.

నేను పరస్థానం సంగతి పూస గుచ్చినట్టు చెప్పేశాను. ఇన్‌స్పెక్టరు అంతా విని, "బండి వెనక్కి తీసుకురా. పర్మిట్‌లో ఉన్న టైముకు, స్టాండు నుంచి, నా కళ్ళ ముందర కదలాలి. టైముకు కదలకపోతే అదీ రాస్తాను, ఖాళీగా కదిలితే ఈ టైముకు బండి అక్కర్లేదని అదీ రాస్తాను" అన్నాడు.

పరస్థానం పెట్టిన మూటను వెనక్కి తేవడమంటే, అసలు బయలుదేరకపోవడం కంటే అపశకునం. బస్సు వెనక్కి తిరిగి స్టాండులోకి రాగానే లోపల గగ్గోలు పుట్టింది. మూటలు కిటికీల్లోంచి బయటపడ్డాయి. తోసుకుంటూ, "శివశివా" అనుకుంటూ దిగారు. డ్రైవరు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఈసారి మురిపెంతో కాదు, పడిపోకుండా. ఆ మనిషి ముఖం చూడలేక నేను గడియారం వైపు చూశాను. ఏజెంటు కూడా గడియారమే చూస్తున్నాడు, సంతోషంగా.

అప్పుడు కండక్టరు లోపలి నుంచి కేక వేశాడు. "అవ్వా, నువ్వు దిగవా?"

"వాడు దిగినాడా?" అంది ముసలావిడ, వెనక్కి తిరక్కుండా.

చివరి సీటు నుంచి మరిది, "ఆమె దిగితే నేను దిగుతా" అన్నాడు.

"వాడు ముందు దిగితే నేను దిగుతా. నేను దిగి, వీడు పోయి కోర్టులో ఒక్కడే నిలబడితే? దొర ఏమనుకుంటాడు? ఆమె రాలేదు, బావి నీదే పోప్పా అనడా?"

ఇద్దరూ కదల్లేదు. ఈ మాటలు కింద ఉన్నవాళ్ళ చెవిన పడ్డాయి. గట్టు కేసువాడు తన ప్రతివాదిని చూశాడు. ప్రతివాది మెల్లగా మెట్టు మీద కాలు పెడుతున్నాడు. "ఏయ్, యాడికి పోతావు?" అంటూ గట్టువాడు అతని భుజం మీదుగా ఎక్కాడు. చింతచెట్టు కేసువాళ్ళు ఇద్దరూ ఒకేసారి తలుపులో ఇరుక్కున్నారు. దిగినప్పటి కంటే రెట్టింపు వేగంగా బస్సు నిండింది. రాహువంటే భయమే గాని, పగవాడు తనకంటే ముందు కోర్టుకు చేరతాడనే భయం ముందు రాహువు ఏపాటి?

ఇన్‌స్పెక్టరు చేతి గడియారం చూసుకుంటూ, "నేనూ వస్తాను, నువ్వూ ఎక్కు. దారిలో ఏం చేస్తారో చూడాలి" అన్నాడు నాతో. మరి విజిల్ ఎవరు ఊదాలి? మెడలోంచి తీసి ఏజెంటు చేతిలో పెట్టాను. పాపం, ఇన్‌స్పెక్టరు ముందు కాదనలేడు. ఏడూ ముప్పావుకు సరిగ్గా, తాను మాన్పించాలనుకున్న బస్సుకు తానే విజిల్ ఊదాడు.

అంత నిశ్శబ్దంగా సాగిన బస్సు ప్రయాణం నేను మళ్ళీ చూడలేదు. ఎదురుగా లారీ వస్తే అందరూ ముందు కడ్డీ పట్టుకునేవారు. మేక అడ్డం వస్తే కళ్ళు మూసుకునేవారు. సూళగిరి దాటాక, అందరూ ఎదురుచూస్తున్న పని జరిగింది. టైరు ఢామ్మని పేలింది.

"వచ్చేసినాడప్పా!" అన్నారు నలుగురైదుగురు. నిజం చెప్పాలంటే ఆ గొంతుల్లో భయం కంటే ఊరట ఎక్కువ వినిపించింది.

అందరూ దిగి రోడ్డు పక్కన చేరారు. డ్రైవరు జాకీ పెట్టి చక్రం విప్పుతున్నాడు. ఇన్‌స్పెక్టరు మైలురాయి మీద కూర్చున్నాడు. ముసలావిడ కంబళి దగ్గరికి లాక్కుని, నేల చూస్తూ, ఎన్నేళ్ళ తరవాతో మరిదితో మాట్లాడింది.

"ఇద్దరమూ రాహుకాలంలోనే బయలుదేరినాము. ఇద్దరమూ ఓడిపోతామురా. గెలిచేది ప్లీడర్లే."

మరిది ఆమెకు కాస్త దగ్గరగా వచ్చి కూర్చున్నాడు. తరవాత, "నాకూ అట్లే అనిపిస్తా ఉంది వదినా" అన్నాడు. "పావుగంట నీళ్ళకు పోయి పోయి నా ఎద్దులు ముసలివైపోయినాయి."

"మరి పన్నెండు ఎప్పుడురా? నీడ చెప్పేదా, నీ చెయ్యి చెప్పేదా?"

చక్రం కింది నుంచి డ్రైవరు గొంతు వినిపించింది. "అమ్మా, కిటికీ సీటుకు పిల్లలు కొట్లాడితే నేనేం చెప్తానో తెలుసునా? పోయేటప్పుడు నువ్వు, వచ్చేటప్పుడు వాడు. అంతే గదా! ఈ దినము పొద్దున్నే నువ్వు తోలుకో, సాయంత్రము ఆయన. రేపు పొద్దున్నే ఆయన, సాయంత్రము నువ్వు. అట్ల మార్చుకుంటే పన్నెండు ఎప్పుడైతే ఏమి? ఈ దినము నీకు పోయింది రేపు నీకే వస్తుంది."

మరిది తన చేతి గడియారం వైపు చూసుకున్నాడు, అది మోసం చేసినట్టు. "ఇంత చిన్న మాట మన ప్లీడర్లు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వాళ్ళకు వాయిదా యాడుంటుందిరా?" అంది ముసలావిడ. అని, నవ్వింది. ముందు ఆమె, తరవాత అతను. చివరికి మైలురాయి మీది ఇన్‌స్పెక్టరు కూడా ముఖం అటు తిప్పుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. మూట విప్పి ఆమె సంగటి ముద్ద సగం విరిచి మరిది చేతిలో పెట్టింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరగడానికి సంగటి చాలు.

కృష్ణగిరికి ఆలస్యంగానే చేరాము. కోర్టు ఇంకా నడుస్తోంది. వదినా మరిదీ రాజీ అర్జీ పెట్టుకున్నారు. ఇద్దరి ప్లీడర్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారని, ఇంట్లో పాడి ఆవు తప్పిపోయినట్టు నిలబడ్డారని కండక్టరు ఏడాదిపాటు చెప్పాడు. చింతచెట్టువాళ్ళూ ఆ రోజే రాజీపడ్డారు. ఇన్‌స్పెక్టరు ఏం రాస్తాడోనని ఆ వారమంతా డ్రైవరుకు నిద్ర లేదు, నాకు అన్నం సహించలేదు. బస్సు టైముకు కదిలిందని, సీట్లు నిండాయని, ఆ టైముకు ఆ బస్సు అవసరమేనని రాశాడు. రెండు విజిళ్ళ ఊసెత్తలేదు. నాకు మాత్రం, "ఇకమీద ఒక్క విజిలే" అని కబురు పంపాడు.

ఒక్క విజిలే అంటే సోమవారం బస్సు మళ్ళీ ఖాళీయే గదా అని మేము దిగులుపడ్డాము. మా దిగులు మా దగ్గరే ఉంది, జనం లెక్క వేరే ఉంది. మంచి గంటలో పోతే ఏళ్ళ తరబడి వాయిదాలు, రాహుకాలంలో పోతే ఒక్క దినంలో కేసు తీరిపోయింది! ఈ మాట తళి దాకా, రాయకోట దాకా పాకింది. పై సోమవారం ఏడింటి బస్సు సగం ఖాళీగా పోయింది. ఏడూ ముప్పావు బస్సులో నిలబడే చోటు లేదు. డ్రైవరు ఎందుకైనా మంచిదని ఏడున్నరకు ముందే ఇంజను స్టార్టు చేస్తే, లోపలి నుంచి కేకలు. "ఇంగా ఏడున్నర కాలేదప్పా, ఆపు! రాహువు రానీ!" అందరి కళ్ళూ నా తల మీది గడియారం మీదే. ముల్లు ఏడున్నర దాటగానే ఊపిరి వదిలి సర్దుకు కూర్చున్నారు.

అప్పుడు ఏజెంటు మా దగ్గరికి వచ్చాడు. డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, ఎంతో నెమ్మదిగా, "చూడప్పా, మనలో మనకెందుకు? మా కంపెనీవాళ్ళు ఆఫీసులో మాట్లాడతామంటా ఉన్నారు. టైము మార్చుకుందాము. నువ్వా దినము చెప్పిన కిటికీ సీటు మాదిరే. ఒక సోమవారం ఏడూ ముప్పావు మాకియ్యి, ఒక సోమవారం నువ్వు పెట్టుకో" అన్నాడు.

డ్రైవరు నిండిన బస్సును ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూసుకున్నాడు.

"మిగతా ఆరు దినాల టైమూ అడుగు, ఇంగేమన్నా అడుగు. రాహువును మాత్రం అడగొద్దప్పా" అన్నాడు. "ఎవురూ ఎక్కని దినాల్లో నా బండి ఎక్కినోడు వాడొక్కడే."

నేను విజిల్ ఊదాను.